అడ్డుపుల్ల

దీపం వెలిగేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచి, రెండోది తుడవబోతూ ఆగి, మసకగా కనిపిస్తున్న ఎర్రటి చుక్క వైపు చూసి, "వచ్చావా తల్లీ" అన్నాడు. అన్నాడే గాని తొందరపడలేదు. రెండో అద్దం కూడా తీరిగ్గా తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, అప్పుడు పెట్టుకున్నాడు. కళ్ళజోడు తాళ్ళు మెడ వెనక సర్దుకున్నాడు.

అది సైకిలు వెనక బిగించే దీపం. ఒక మూల గాజు చిట్లింది. దాని వెనకనుంచి రెండు తీగలు టేబులు అంచుమీదుగా దిగి, గోడవారగా పాక్కుంటూ లోపలి గదిలోకి పోతాయి. కంప్యూటరులో ఏ ఫైలైనా ముందుకి పోలేక ఆగిపోతే ఈ దీపం వెలుగుతుంది. ఆ ఫైలు సరిచేసి పంపితేగాని ఆరదు. బావమరిది ఈ ఆఫీసు పెట్టిన కొత్తలో తన పాత సైకిలుకున్న దీపం ఊడబెరికి తెచ్చి, తనే తీగలు కలిపి ఇక్కడ అమర్చాడు. "నువ్వు అక్షరాల్లో పడితే ఒళ్ళు తెలీదు బావా. ఇదైతే కంట్లో గుచ్చుకుంటుంది" అన్నాడు. ఆ సైకిలు కొనిపెట్టింది ఆయనే.

ఆ ఆఫీసులో మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు తయారుచేస్తారు. ఉల్లిపొరలాంటి కాగితం మీద చీమల బారుల్లా అక్షరాలుంటాయే, అవి. మందుల కంపెనీవాళ్ళు విషయం రాసి పంపుతారు. అందులో ఏది శీర్షిక, ఏది హెచ్చరిక, ఏ ముక్క లావు అక్షరాల్లో రావాలి అన్నది యంత్రానికి తెలియడానికి, ఆ మాటలకి ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు పెడతారు. ట్యాగంటే పెద్ద విషయమేం కాదు, రెండు బాణం మొనల మధ్య ఇరికించిన చిన్న మాట. ముందుది తలుపు తెరుస్తుంది, వెనకది మూస్తుంది. అంతా సవ్యంగా ఉంటే యంత్రం చదువుకుంటూ పోయి, పేజీ అచ్చుకి సిద్ధం చేస్తుంది.

కానీ రాసేది మనుషులు. తెరిచిన తలుపు మూయడం మరిచిపోతారు. లోపలి గది తలుపు వేయకుండానే వీధి తలుపు వేసేస్తారు. అప్పుడు హెచ్చరిక ఎక్కడితో అయిపోయిందో, లావు అక్షరాలు ఎక్కడిదాకా రావాలో రాసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆగిపోయిన అలాంటి ఫైళ్ళు ఆయన ముందుకొస్తాయి. ఆయన చదువుతాడు, చూపుడువేలు పెదవులమీద ఆనించుకుని ఆలోచిస్తాడు, రాసినవాళ్ళకి ఫోను చేసి అడుగుతాడు. అంతకుమించి ఆ ఉద్యోగంలో చెప్పుకోడానికేమీ లేదు.

"మీకెలా బాగుంటే అలా పెట్టెయ్యండి సార్" అనేవారు అవతలివాళ్ళు, విసుగు దాచుకుంటూ.

"నాకు బాగుండటం ఎందుకండీ, ఆ మందు మింగేది నేను కాదుగా. మీరేమనుకుని రాశారో చెప్పండి చాలు" అనేవాడు.

ఒక్కోసారి ఆ రాసినాయన సెలవులో ఉండేవాడు. అతను వచ్చేదాకా ఫైలు కదిలేది కాదు. అచ్చు ఆలస్యమైన ప్రతిసారీ ఆఫీసులో తలలు ఆయన టేబులు వైపు తిరిగేవి. అలా పడింది ఆయనకి అడ్డుపుల్ల అన్న పేరు. మొదట్లో చాటున అనేవారు. తర్వాత ఎదురుగానే, "ఆ ఫైలు అడ్డుపుల్లగారి దగ్గరుంది" అని మర్యాద కలిపి మరీ అనడం మొదలెట్టారు. ఆయన నవ్వేవాడు. ఇంటికెళ్ళి భార్యకి చెబితే ఆవిడా నవ్వింది.

ఆయన మనిషి సన్నం. ఒక భుజం రెండోదానికంటే కిందికుంటుంది. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలే వేస్తాడు, కానీ మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకోడు, టేబులుకి రాసుకుని శబ్దమవుతుందట. ఎవరికీ గుర్తుండే ముఖం కాదు. కిందనున్న కాపలా మనిషి ఇప్పటికీ ఆయన్ని ఒక్కోరోజు, "ఎవరికోసమండీ?" అని అడుగుతాడు. ఆయన తను ఫలానా అని చెప్పి లోపలికొస్తాడు. అడగడం వాళ్ళ పని, అందులో నొచ్చుకోడానికేముంది అనేది ఆయన లెక్క.

తెరమీద ఫైలు తెరుచుకుంది. చిన్నపిల్లల జ్వరం మందు. ఆయన మొదటినుంచీ చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. బరువు పది కిలోలకన్నా తక్కువున్న పిల్లలకి డాక్టరు చెప్పనిదే ఈ మందు ఇవ్వకూడదు. రాసినావిడ 'కన్నా తక్కువ' అని మాటల్లో రాయకుండా, లెక్కల్లో వాడే గుర్తు పెట్టింది. ఆ గుర్తూ బాణం మొనే. యంత్రానికి అది లెక్కల గుర్తో, తలుపో ఎలా తెలుస్తుంది? తలుపే అనుకుంది. లోపల ట్యాగు పేరేదో ఉందనుకుని చదువుకుంటూ పోయింది. రెండో మొన ఎక్కడో దూరాన దొరికింది. ఈలోపున్న హెచ్చరికంతా దాని దృష్టిలో ఒక ట్యాగు పేరు. అంత పొడుగు పేరున్న ట్యాగేదీ తనకి తెలియదు గనక ఆగిపోయింది.

ఆయన చూపుడువేలు పెదవులమీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

ఈ ఫైలు తను ఇదివరకే చూశాడు. ఇలాంటిది కాదు, ఇదే. ఈ మాట గురించి ఫోనులో మాట్లాడినట్టూ, ఆవిడ నవ్వి, 'అయ్యో, పొరపాటేనండీ, మాటల్లో పెట్టెయ్యండి' అన్నట్టూ గుర్తుంది. తను పెట్టాడు. దీపం ఆరింది. మరి మళ్ళీ ఎందుకొచ్చింది? వయసు మీదపడి ఏదీ సరిగ్గా గుర్తుండటం లేదేమో అనుకున్నాడు. ఆమధ్య ఇంకో రెండు మూడు ఫైళ్ళ విషయంలోనూ ఇలాగే అనిపించింది. అప్పుడు తన బుర్రనే అనుమానించి ఊరుకున్నాడు. ఇవాళ మాత్రం ఫోను అందుకున్నాడు.

కంపెనీలో ఆ కాగితాలు రాసే ఆవిడ గొంతు ఆయనకి బాగా పరిచయం. మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"మీరా! చాలా రోజులైంది మీ ఫోనొచ్చి. మా తప్పులు తగ్గిపోయాయా, మీరు మెత్తబడ్డారా?"

"నేను చేస్తూనే ఉన్నానుగా అమ్మా, మీ వాళ్ళకి. మళ్ళీ అదేనా అంటూనే చెబుతున్నారు. ఇదిగో, ఈ జ్వరం మందు గురించి..." అంటూ విషయం చెప్పాడు.

"అదేంటండీ, ఆవేళే చెప్పానుగా? మాటల్లో పెట్టమన్నాను. ఈమధ్య అదే ఫైలు మళ్ళీ పంపితే, అచ్చయి దుకాణాలకి కూడా వెళ్ళింది. ఇదిగో, సీసా నా టేబులు మీదే ఉంది."

"డబ్బాలో కాగితం ఉందా అమ్మా?"

"ఎందుకుండదూ?"

"ఒక్కసారి ఆ ముక్క చదువుతారా?"

కాగితం మడతలు విప్పుతున్న శబ్దం వినిపించింది. ఆవిడ లోలోపల గొణుక్కుంటూ చదువుతోంది. "బాగా కుదిపి వాడవలెను... భోజనం తర్వాత... ఆ, ఇక్కడ... నిల్వ చేయు విధానం." గొణుగుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. "లేదే" అంది. "పది కిలోల మాటే లేదండీ ఇందులో. భోజనం తర్వాత అన్నాక సరాసరి నిల్వ చెయ్యడంలోకి వెళ్ళిపోయింది. కింద మీ పేరుందే! పరిశీలన అని."

"ఆ సీసా అక్కడే ఉంచండమ్మా. కాసేపట్లో చేస్తాను" అని ఫోను పెట్టేశాడు.

ఆగాల్సినచోట ఆగకుండా, తెలియని ట్యాగు కనిపిస్తే తీసి అవతల పారేసి, ఏమీ ఎరగనట్టు ముందుకిపోయే యంత్రం ఒకటి ఉంది. అది ఆఫీసులోకి వచ్చినరోజు ఆయనకి బాగా గుర్తు. అప్పటిదాకా ఉన్నది తేడా కనిపిస్తే చాలు, బెత్తం పుచ్చుకుని నిలబడేది. దాన్ని అందరూ పంతులనేవారు. కొత్తది దేన్నీ కాదనదు. తలుపు మూయకపోతే తనే మూస్తుంది. రెండు తలుపులు చిక్కుపడితే ఎలాగో ఒకలా విడదీస్తుంది. అర్థం కానిది మింగేస్తుంది. దానికి మొహమాటరావు అని పేరు పెట్టింది ఆయనే. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వులయ్యాక ఆయన, "మొహమాటం పెళ్ళిపేరంటాల్లో బావుంటుంది, మందుల దగ్గర కాదు" అన్నాడు. బావమరిదితో అంత గట్టిగా వాదించింది అదే మొదలు. చివరికి బావమరిదే దిగొచ్చాడు. "సరే బావా, రెండూ ఉంటాయి. మొహమాటరావు చదవకముందే పంతులు ఓసారి చూస్తాడు. పంతులు ఆపితే నీ దీపం వెలుగుతుంది. సరేనా?" అని చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. ఆ తర్వాత దీపం ఏనాడూ వెలగడం మానలేదు.

బావమరిది గది తలుపు ఓరగా వేసుంది. ఆయన దాన్ని తోసుకుని వెళ్ళి, వెనక్కి మూశాడు.

"పంతుల్ని ఎప్పుడు తీసేశావురా?"

బావమరిది తలెత్తి, నవ్వబోయి మానుకున్నాడు. "కూర్చో బావా. ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పారని కాదు, ఎప్పుడని."

"కొన్నాళ్ళైంది. రెండూ పెట్టుకుంటే పని సాగలేదు బావా. నీకు తెలుసుగా..."

"నాకు తెలీదు. తెలిస్తే ఎందుకడుగుతాను? మరి నా దీపం ఎలా వెలుగుతోంది?"

బావమరిది బల్లమీదున్న పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినప్పుడూ వాడి చేతులకి ఇదే అలవాటు. వాడు ఆయన ఇంట్లోనే పెరిగాడు. రాత్రి అన్నాలయ్యాక ఆయన పక్కన కూర్చోబెట్టుకుని చదివించేవాడు. లెక్క అర్థం కాకపోతే జవాబు అల్లెయ్యకూడదనీ, రేపు బడిలో చెయ్యెత్తి అడగాలనీ చెప్పేవాడు. వాడు చెయ్యెత్తి అడిగి వచ్చి, గర్వంగా చెప్పుకునేవాడు.

"పాత ఫైళ్ళున్నాయి కదా బావా, ఇదివరకు ఆగినవి. వాటిల్లోంచి అప్పుడప్పుడూ ఒకటి దానంతటదే నీ దగ్గరికి వచ్చేలా పెట్టాను. దాంతోపాటే దీపమూ."

"నేను సరిచేసి పంపినవి?"

బావమరిది కిటికీ వైపు చూశాడు.

"ఎక్కడికి పోతున్నాయిరా అవి?"

"ఎక్కడికీ పోవు బావా."

కిటికీ అవతల ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోవడం లేదు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

"నీ పని లేదు, ఇంటికి పొమ్మని చెప్పాల్సింది."

"నీతోనా? నాకు నోరెలా వస్తుంది బావా?"

"నోరు రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది."

"నువ్వు బాధపడతావనే కదా! నీ జీతం నీకొస్తోంది, నీ కుర్చీ నీకుంది. నిన్ను ఎవరేమన్నారు? అసలు అక్కే అంది, ఆయన ఆ దీపం లేకపోతే ఉండలేరురా, ఏదో ఒకటి..." అని ఆగిపోయాడు.

ఆయన కింది భుజం ఇంకాస్త కిందికి జారినట్టైంది. "మీ అక్కకి తెలుసా?"

బావమరిది పెన్ను మూత పెట్టేశాడు.

ఆయన ఇంక ఆ మాట పొడిగించలేదు. "కాగితం కింద నా పేరెందుకు పడుతోంది?" అన్నాడు.

"అది తీయలేదంతే. ప్రతిదానికిందా దానంతటదే వచ్చేస్తుంది. కంపెనీవాళ్ళకీ అదొక ధైర్యం, మనిషి చూశాడని."

"చంటిపిల్లల మందురా. పది కిలోల ముక్క మింగేసింది మీ మొహమాటరావు."

బావమరిది ముఖం ఒక్కసారి పాలిపోయింది. తర్వాత సర్దుకున్నాడు. "వచ్చే విడతలో పెట్టిద్దాం బావా. అయినా ఆ కాగితం ఎవరు చదువుతారు? డబ్బా విప్పగానే పారేస్తారు."

"కంపెనీకి ఇప్పుడే ఫోను చేసి చెప్పు."

"ఇప్పుడు చెబితే ఇంకేమైనా ఉందా? మనకున్న పెద్ద కంపెనీ అదొక్కటే. అది పోతే ఈ గదుల్లో ఇంకెవరుంటారు? నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి అడ్డుపుల్ల వెయ్యకు."

ఆ పేరు వాడి నోట వినడం ఆయనకి అదే మొదటిసారి.

తన టేబులు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. దీపం వెలుగుతూనే ఉంది. అన్నం డబ్బా మూత తీసి, కలిపి, తినకుండా మళ్ళీ మూత పెట్టాడు. రోజూ ఆ వేళకి వచ్చినట్టే ఇంటినుంచి ఫోనొచ్చింది.

"తిన్నారా? ఇవాళ ఏమాపారు?"

పెళ్ళైనప్పటినుంచీ కాదుగాని, ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆవిడ రోజూ అడిగే ప్రశ్న. ఆయన చెప్పేవాడు. అవతలివాళ్ళ గొంతులు అనుకరించి మరీ చెప్పేవాడు. ఆవిడ నవ్వేది.

"నీకు తెలుసా?" అన్నాడు.

ఏమిటి అని ఆవిడ అడగలేదు. అటు కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ దాన్ని కట్టెయ్యలేదు.

ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. ఏదైనా అడిగితే సగం చెప్పి ఊరుకునేది. మిగతా సగం ఆయనే మంచిగా అనుకుని పూర్తిచేసుకునేవాడు. అలిగిందనుకోలేదు, అలిసిందనుకున్నాడు. ఇష్టం లేదనుకోలేదు, సిగ్గనుకున్నాడు. ఊరివాళ్ళందరి రాతల్నీ ఆపి అడిగినవాడు, ఇంట్లో ఒక్కసారీ ఆగి అడగలేదు. ఇవాళ ఆ ఖాళీని నింపలేదు. అలాగే ఉంచి, విన్నాడు.

"మీరు చెబుతున్నప్పుడు ఎంత సంతోషంగా ఉండేవారో" అంది ఆవిడ చివరికి.

"తెలిసీ రోజూ ఎందుకడిగావే?"

"మానేస్తే మీకు అనుమానం వస్తుందని."

"ఊఁ" అన్నాడు.

"ఇంటికొచ్చెయ్యండి. మాట్లాడుకుందాం."

"వస్తాను. కుళాయి కట్టెయ్యి" అని ఫోను పెట్టేశాడు.

తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక అద్దం, రెండో అద్దం. వెలుతురుకి పట్టి చూసి పెట్టుకున్నాడు. బావమరిది గది తలుపు తెరిచే ఉంది. వాడు కుర్చీలోంచి లేచి, అద్దం తలుపుకి ఇవతల నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆయన వాడికి కనబడేలాగే, వినబడేలాగే కంపెనీ ఆవిడకి ఫోను కలిపాడు.

"అమ్మా, ఆ కాగితం నేను చూడలేదు."

"మీ పేరుంది కదండీ."

"పేరు నాదే. చూసింది నేను కాదు. కొన్నాళ్ళుగా మీ కాగితాలేవీ నేను చూడలేదు. చూస్తున్నాననుకున్నాను."

ఆవిడ చిన్న గొంతుతో, "మీరు చూస్తున్నారనే కదండీ, మేం రెండోసారి చదవడం మానేశాం" అంది.

ఆ మాట ఆయనకి బావమరిది మాటలకన్నా, ఇంటినుంచి వచ్చిన మాటలకన్నా లోతుగా దిగింది. "అచ్చు ఆపించండి. వెళ్ళినవాటిని వెనక్కి పిలిపించండి. ఈ మధ్య వచ్చినవన్నీ మొదటినుంచీ చదివించండి. నా పేరున్నవి ముందు" అన్నాడు.

"మీ ఆఫీసుకి ఇబ్బంది కదండీ?"

"అవునమ్మా."

ఫోను పెట్టేసరికి బావమరిది అక్కడ లేడు. గది తలుపు వేసేసుంది.

సొరుగులోంచి ఆయన తీసుకోవలసినవి ఎక్కువేం లేవు. ఒక తువ్వాలు, గ్లాసు, కుర్చీలో వేసుకునే పలచటి దిండు. అన్నీ సంచిలో పెట్టాడు. దిండు పట్టలేదు, చంకలో పెట్టుకున్నాడు. పక్క టేబులు అమ్మాయి లేచి నిలబడింది. మొహమాటరావుని నడిపేది ఆ అమ్మాయే.

"వెళ్ళిపోతున్నారా బాబాయ్‌గారూ? ఒంట్లో..."

"బాగానే ఉందమ్మా."

"నేను మీతో చెబుదామనే అనుకున్నానండీ, కానీ సారు..."

ఇదివరకైతే ఆ సగం మాటని ఆయనే పూర్తిచేసి, ఆ పిల్ల భుజం తట్టి వెళ్ళేవాడు. ఇప్పుడు మిగతాది ఆ పిల్లే చెబుతుందని నిలబడ్డాడు. ఆ అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. ఆయన ఇంకాసేపు చూసి, కదిలాడు.

వెళ్ళబోతూ దీపం దగ్గర ఆగాడు. తీగలు లాగేద్దామని చెయ్యి చాపాడు. చిట్లిన గాజు అంచు వేలికి తగిలింది. వెచ్చగా ఉంది. ఇది చిట్లిన రోజు కూడా గుర్తొచ్చింది. సైకిలు మీదినుంచి పడి, మోకాలు చీరుకుపోయినా ఏడవకుండా, 'బావా, దీపం పగిలింది' అని ఏడ్చాడు వాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కంప్యూటరు ముందుకి వంగి, ఆ జ్వరం మందు ఫైలులో లెక్కల గుర్తు తీసేసి, దాని చోట మాటలు పెట్టాడు. ఎక్కడికీ పోదని తెలిసీ పంపాడు. దీపం ఆరింది.

కింద కాపలా మనిషి దిండు చూసి, "ఎవరికోసం వచ్చారండీ?" అన్నాడు.

"ఎవరికోసమూ కాదు. నేను ఇక్కడ పనిచేసేవాణ్ణి" అని చెప్పి, ఆయన ఎండలోకి నడిచాడు. ఎప్పుడూ ఎక్కే బస్సు పక్కనుంచే వెళ్ళింది. చెయ్యెత్తలేదు.

మధ్యాహ్నం గదులు మళ్ళీ తమ పనిలో పడ్డాయి. లోపలి గదిలో ఫోను మోగి ఆగి, మళ్ళీ మోగుతోంది. పక్క టేబులు అమ్మాయి ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఖాళీ కుర్చీకి ఎదురుగా, చిట్లిన గాజు వెనక ఎర్ర దీపం దానంతటదే వెలిగింది, ఇంక ఆరలేదు.